నాలుగు బొట్ల పెట్టె

నేను ఒక దళారీని. గోడలోంచి వచ్చే తీగ దగ్గర సరుకు అందుకుని కంప్యూటరుకు చేర్చడం, అక్కడిచ్చింది బయటికి పంపడం నా వ్యాపారం. జనం నన్ను రౌటరు అంటారు. వేదవతి గారు మాత్రం నెట్టు పెట్టె అనేవారు. సరుకు ఎవరిది, ఎందుకు అని దళారీ అడగడు. అడగనివాడికే బజారులో మర్యాద.

ఎక్కడో ఫ్యాక్టరీలో వేల మంది తోబుట్టువులతో ఒకే అచ్చులో పుట్టాను. పుట్టిన వెంటనే ఎవరి అట్టపెట్టెలో వాళ్లం. మొదట విజయనగరంలో ఒక ఫోటో స్టూడియోలో కుదిరి, ఊరందరి పెళ్లి ఫోటోలూ మోశాను. అది మూతపడ్డాక నెట్టు లైన్‌మ్యాన్ పైడిరాజు నన్ను తడిగుడ్డతో తుడిచి, "కొత్తదేనమ్మా" అంటూ వేదవతి గారింట్లో బిగించాడు. బాగా తుడిస్తే ఏ సరుకైనా సగం కొత్తదే.

వేదవతి గారు వయొలిన్ టీచరు, ఒంటరి మనిషి. ఇంటికి వచ్చి నేర్చుకునేవాళ్లు కరువై, శిష్యులందరూ నా గుండానే వచ్చేవారు. వైఫై గాలిలో పంపితే స్వరం తడబడుతుందని కంప్యూటరుకు తీగే వేయించుకున్నారు. పాఠం ఉన్నంతసేపూ ఆ ఇల్లు సందడి. అయిపోయాక నా దీపాలు తప్ప అక్కడ కదిలేదేమీ ఉండేది కాదు.

దసరాకు ఆయుధపూజ చేశారు. వయొలిన్‌కూ కమానుకూ బొట్టు పెట్టి నా వైపు తిరిగారు. "అన్నం పెట్టేదానివి, నిన్నెలా మరుస్తానే?" అంటూ తీగలు ఊడదీసి, దుమ్ము తుడిచి, తడి పసుపూ కుంకుమా నా నాలుగు రంధ్రాలకూ నాలుగు బొట్లుగా అద్దారు. అంతవరకూ నన్నెవరూ అలా పలకరించలేదు. ఆ గౌరవమే నా గొంతుకు అడ్డం పడింది.

కొన్నాళ్లకే పాఠం మధ్యలో లైను తెగడం మొదలైంది. పసుపు తడి నా లోపలి లోహపు పళ్లను తినేస్తోంది. నాకు తెలుసు, కానీ చెప్పే నోరు లేదు. దీపం ఆర్పి చూపడం ఒక్కటే చేతనవును. ఆవిడ నన్ను ఆపి మళ్లీ వేశారు. కంప్యూటరు తీగ మార్చారు. పైడిరాజు స్తంభమెక్కి, "కోతులమ్మా! వైరట్టుకుని ఊగేస్తన్నాయి" అని బయటి తీగ మార్చేశాడు. పాపం, ఆ కోతులకేమీ తెలియదు. రెండు రోజులు బాగున్నట్టే ఉండి మళ్లీ తెగేది.

శిష్యులు ఒక్కొక్కరే జారుకున్నారు. చివరికి మిగిలింది బరంపురం పిల్ల హాసిని. "పోటీ దగ్గర పడుతోంది మేడం. ఈ ఆదివారం కూడా ఇలాగే అయితే వేరే దారి చూసుకుంటాం, ఏమీ అనుకోకండి" అని వాళ్లమ్మ మర్యాదగానే చెప్పింది.

ఆదివారం హాసిని వర్ణం సగంలో ఉండగా లైను తెగింది.

మర్నాడు పైడిరాజు నన్ను వెనక్కి తిప్పి చూసి పకపకా నవ్వాడు. "ఏటమ్మా ఇది! పెట్టెకి పేరంటం సేసీసేరేటి?"

"దసరాకి పెట్టాను నాయనా. అన్నం పెట్టేది కదా అని."

"అన్నం పెట్టేదాని నోట్లో పసుపు కుక్కితే అదేటి పలుకుతాదమ్మా?"

ఆవిడ నవ్వబోయి ఆగిపోయారు. అతను నా చోట వేరే పెట్టె బిగించి, రేపొచ్చి తుక్కులోకి పట్టుకెళ్తానని నన్ను బల్ల చివర వదిలి వెళ్లాడు.

వెంటనే ఆవిడ బరంపురం ఫోను చేశారు. "లైను బాగయిందమ్మా. హాసినిని కూర్చోబెడతావా?"

"అయ్యో మేడం, పొద్దున్నే ఇక్కడ ఒక మాస్టారి దగ్గర చేర్చేశాం. పిల్ల మిమ్మల్నే తలుచుకుంటోంది."

"మంచిదమ్మా. చక్కగా వాయించమను."

ఫోను పెట్టేసి, కంప్యూటరు ముందు కూర్చుని పాఠం తెర తెరిచారు. అందులో ఆవిడ మొహమొక్కటే ఉంది. కమాను అందుకుని వర్ణం మొదలుపెట్టారు. పిల్ల అందుకోవలసిన చోట ఆగి, అందుకునేంతసేపూ ఎదురుచూసి, తర్వాతి భాగం ఎత్తుకున్నారు. చివరిదాకా అలాగే వాయించారు.

లైను ఒక్కసారి కూడా తెగలేదు.