ఎవరూ తీసుకెళ్ళని ముఖాలు

వానలు మొదలైన మూడో వారానికి ఫోటో దుకాణంలో స్టూలు మీద దుమ్ము పేరుకోవడం మొదలుపెట్టింది. నవ్వమ్మ రోజూ పొద్దున్నే దాన్ని తుడిచేది. మనుషులు కూర్చుని అరగాల్సిన స్టూలు, తన గుడ్డకే అరిగిపోతోందని అనుకునేది.

ఆమె అసలు పేరు వీధిలో ఎవరికీ తెలియదు. పూర్వం భర్త కెమెరా వెనక నల్లగుడ్డ కప్పుకుని నిలబడితే, ఈమె పక్కన నిలబడి వచ్చినవాళ్ళ జుట్టు సర్ది, కాలరు సరిచేసి, "కొంచెం నవ్వమ్మా, నవ్వు నాయనా" అనేది. ఆ మాటే ఆమెకు పేరైపోయింది. భర్త పోయి ఆరేళ్ళు. ఇప్పుడు కెమెరా నొక్కేదీ ఆమే, నవ్వమనేదీ ఆమే. నవ్వడానికి మనుషులే రావడం లేదు. అందరి చేతుల్లో ఫోన్లు, ఆ ఫోన్లలో వేలకు వేలు ఫోటోలు. వాటిని ఎవరు చూస్తారో, ఎప్పుడు చూస్తారో ఆమెకు అంతుపట్టేది కాదు.

దుకాణం గది ఆమె భర్తకూ, అతని తమ్ముడికీ ఉమ్మడిది. మరిది ఒక ఆఫీసులో గుమాస్తా. చెడ్డవాడు కాదు, కాకపోతే నవ్వే అలవాటు తక్కువ. వానలకు ముందు ఒకరోజు గొడుగు చంకలో పెట్టుకుని వచ్చి, గుమ్మంలోనే నిలబడి చెప్పాడు.

"వదినా, ఫోన్లు అమ్మే ఆయన ఈ గది అడుగుతున్నాడు. ఊరికే మూసేసినట్టుండే దుకాణం ఎన్నాళ్ళు పెట్టుకుంటాం? వానలు వెలిసేదాకా చూద్దాం. ఈలోగా రోజుకు నలుగురు గడప తొక్కితే నేను నోరెత్తను. లేదంటే ఆయనకి ఇచ్చేద్దాం."

"నలుగురంటే నిన్ను కూడా కలిపేనా?" అంది నవ్వమ్మ.

"నేను గడప తొక్కలేదుగా, ఇవతలే ఉన్నాను" అని వెళ్ళిపోయాడు.

నిజమే, అతను ఆ గడప దాటి లోపలికి వచ్చి ముప్ఫై ఏళ్ళు దాటింది. ఎందుకో నవ్వమ్మకు తెలుసు. తెలిసిన సంగతి తెలియనట్టే ఉండి ముప్ఫై ఏళ్ళు గడిపింది.

పక్క గదిలో బట్టలు కుట్టే ఆడపడుచు ఈ కబురు వినగానే మిషను ఆపి లేచి వచ్చింది. ఆవిడ మరిదికి అక్క. యాభై అయిదు దాటినా నవ్వమ్మ ఇంకా "అమ్మాయ్" అనే పిలుస్తుంది.

"నలుగురేంటి, నలభై మందిని రప్పిస్తా చూడు" అంది ఆవిడ. పాత కాగితాల వెనకవైపు ఇద్దరూ కూర్చుని "మా దగ్గర ఫోటోలు తీయబడును" అని రాశారు. నవ్వమ్మ అక్షరాలు నేర్చుకున్నది భర్త పోయాకే, ఆడపడుచు దగ్గరే. కాబట్టి ఆమె ఒక్కటి రాసేలోపు ఆవిడ అయిదు రాసేది. కుట్టిన ప్రతి చొక్కా జేబులోనూ ఒక కాగితం మడిచి పెట్టి పంపారు. పైసా ఖర్చు లేదు.

వారం తిరిగేసరికి ఇద్దరు వచ్చారు. ఇద్దరూ తగువుకే వచ్చారు. జేబు చూసుకోకుండా చొక్కా నానబెట్టారట. కాగితం పిండిపిండై నల్లచొక్కా నిండా తెల్ల పొట్టు అంటుకుందట.

"గడప అయితే తొక్కారు కదా" అంది ఆడపడుచు వాళ్ళు వెళ్ళాక.

"తొక్కి పోయారు" అంది నవ్వమ్మ.

ఆ తరవాత పెద్దవాన కురిసింది. రెండు రోజులు వీధి అంతా ఒకటే రంగులో, తడిసిన ఫోటోలా ఉంది. మూడోరోజు అటక మీద నుంచి చుక్కలు పడుతుంటే నవ్వమ్మ నిచ్చెన ఎక్కి చూసింది. అక్కడ ఉన్న ఇనప పెట్టె అడుగున నీళ్ళు చేరాయి. అందులో ఉన్నవన్నీ జనం తీయించుకుని, మళ్ళీ వచ్చి తీసుకెళ్ళని ఫోటోలు. ఎవరో ఊరు మారారు, ఎవరో మరిచిపోయారు, ఎవరికో ఆ ఫోటోతో పని తీరిపోయింది. పారేయడానికి భర్తకు మనసొప్పేది కాదు. "వాళ్ళు మరిచిపోతే మనమూ మరిచిపోవాలా?" అనేవాడు.

కవర్ల మీద పేర్లు లేవు. బొమ్మలు ఉన్నాయి. భర్త ఫోటోలు కడిగే చీకటిగదిలో ఉన్నప్పుడు వచ్చినవాళ్ళ దగ్గర పని ఒప్పుకునేది నవ్వమ్మే. అప్పుడు ఆమెకు అక్షరం రాదు. అందుకని మనిషిలో తన కంటికి ఆనినదేదో కవరు మీద పెన్సిలుతో వేసేది. గొడుగు మరిచిపోయి వెళ్ళిన వాడికి గొడుగు. జడ ముందుకు వేసుకుని లాక్కుంటూ కూర్చున్న పిల్లకు జడ. మొదట భర్త పగలబడి నవ్వాడు. తరవాత ఆయనకూ అదే అలవాటైంది. "పేరు మార్చుకుంటారు గానీ, గొడుగు మరిచేవాడు ఎక్కడున్నా మరుస్తూనే ఉంటాడు" అని, పేరు అడగడమే మానేశాడు.

ఆ పద్ధతి ఎంత పెద్ద పొరపాటో ఇప్పుడు తెలిసింది. ఒక్క పేరు, ఒక్క చిరునామా ఉంటే పిలిపించేది కదా.

ఫోటోలు ఒకదానికొకటి అతుక్కుపోయి ఉన్నాయి. లాగితే చిరుగుతాయని ఆమెకు తెలుసు. పాత ట్రేలలో మంచినీళ్ళు పోసి వాటిని అందులో వేసి, పక్కన కూర్చుంది. గంట గడిచింది. అప్పుడు ఒక్కొక్క ముఖమే పక్క ముఖాన్ని వదిలి మెల్లగా పైకి తేలడం మొదలుపెట్టింది. ఒక పెళ్ళికొడుకు, ఒక ముసలాయన చెవి, ఇద్దరు కవల పిల్లలు. నీటి కింద వాళ్ళు ఊపిరి తీసుకుంటున్నట్టే కదిలారు. ఆమెకు ఎవర్నో నిద్రలేపుతున్నట్టు అనిపించి చప్పుడు చేయకుండా తీసింది.

ఆరబెట్టడానికి దుకాణం అద్దాల కిటికీ తప్ప గాలీ వెలుతురూ ఉన్న చోటు లేదు. అక్కడ అడ్డంగా నాలుగు దారాలు కట్టి, క్లిప్పులతో వేలాడదీసింది. మర్నాడు వాన తెరిపిచ్చింది. కిటికీలోంచి అరవై ముఖాలు వీధిలోకి చూస్తున్నాయి.

ఎదురుగా బస్సు ఆగే చోటు ఉంది. పొద్దుటి బస్సు ఆగింది, మనుషులు దిగారు, బస్సు కదిలింది. కదిలి మళ్ళీ ఆగింది. లోపల ఎవరో "ఆపండి, ఆపండి" అని కేకలు పెడుతున్నారు. భారీగా ఉన్న ఒకావిడ రెండు సంచులతో దిగి, నీళ్ళగుంటలు కూడా చూసుకోకుండా వచ్చి అద్దానికి ముక్కు ఆనించింది. తరవాత తలుపు తోసుకుని లోపలికొచ్చింది.

"ఆ మూడో దారం మీద, బుగ్గ ఉబ్బిన పిల్ల... అది నేనేనండీ!"

నవ్వమ్మ కవరు వెతికి తీసింది. దాని మీద ఉడుత బొమ్మ ఉంది.

"నోట్లో పిప్పరమెంటు బిళ్ళ దాచుకుని కూర్చున్నావు. మీ అమ్మ మింగమంటుంది, నువ్వు మింగవు. మా ఆయన నల్లగుడ్డలోంచి మూడుసార్లు తల బయట పెట్టాడు."

"మా అమ్మ ఉంటే నా మొండితనానికి మీతో సాక్ష్యం చెప్పించుకునేది" అంది ఆవిడ. సంచులు కింద పెట్టి, ఎవరూ చెప్పకుండానే వెళ్ళి స్టూలు మీద కూర్చుంది. "ఇప్పుడు కూడా తీయండి. ఆ పక్కనే పెట్టండి. నోట్లో ఏం లేదు, చూసుకోండి."

బుగ్గ మాత్రం అప్పటిలాగే ఉంది.

ఆ రెండు ఫోటోలూ పక్కపక్కన వేలాడాయి. నవ్వమ్మ ఒక అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో, తన చేత్తోనే రాసి కిటికీలో నిలబెట్టింది: "ఇందులో మీ ముఖం ఉంటే లోపలికి రండి. పాతది ఊరికే ఇస్తాం. కొత్తది తీసి పక్కన పెడతాం."

ఆ తరవాత ఆ వీధి నడక మారింది. పరుగెత్తేవాళ్ళు కిటికీ దగ్గర నిదానించేవాళ్ళు. రొట్టెలమ్మే ఆయన తన తండ్రిని చూసి, బుట్ట దించి అలాగే నిలబడిపోయాడు. పోస్టుమాను తన ముఖం దొరకలేదని అలిగి, ఎలాగైనా ఉండాలని కొత్తది తీయించుకున్నాడు. బస్సు డ్రైవరు ఆ స్టాపు దగ్గర ఒక నిమిషం ఎక్కువే ఆపేవాడు. లోపలివాళ్ళంతా ఒకవైపు కిటికీలకే చేరితే బండి ఒరిగేదట. మధ్యాహ్నం నవ్వమ్మ కుర్చీలోనే కునుకు తీస్తే, దారాల మీది ముఖాలు క్లిప్పులు విప్పుకుని దిగి, వీధి వీధీ తిరుగుతూ తమ మనుషుల్ని వెతుక్కుంటున్నట్టు కల వచ్చేది. కళ్ళు తెరిస్తే తలుపు దగ్గర ఎవరో ఉండేవాళ్ళు. కల ఎక్కడ ఆగిందో, మనిషి ఎక్కడ మొదలయ్యాడో ఆమెకు ఒక క్షణం తెలిసేది కాదు.

పెట్టెలో ఒక్క కవరు మాత్రం ఆమె బయటికి తీయలేదు. దాని మీద ఓడ బొమ్మ ఉంది.

వానలు వెలిశాక మరిది వచ్చాడు. గడప ఇవతలే నిలబడి, లోపల బెంచీ మీద వంతు కోసం కూర్చున్న ఏడుగురిని చూశాడు.

"మాట మాటే వదినా. రేపు సాయంత్రం ఆ ఫోన్లాయనకి వద్దని చెప్పేస్తాను" అన్నాడు. కిటికీ వైపు చూసి ఒక పక్కగా నవ్వాడు. "ఊళ్ళో అందరి ఫోటోలూ భద్రంగా ఉన్నాయి. అన్నయ్య చేతిలో చెడిపోయింది నాదొక్కటే."

అతను వెళ్ళాక ఆడపడుచు చప్పట్లు కొట్టింది. నవ్వమ్మ కొట్టలేదు. పెట్టె తెరిచి ఓడ బొమ్మ కవరు తీసి చూపించింది. లోపల పందొమ్మిదేళ్ళ మరిది ఉన్నాడు, తెల్లచొక్కా, పైకి దువ్విన జుట్టు. ఓడలో ఉద్యోగానికి దరఖాస్తు పెట్టడానికి తీయించుకున్న ఫోటో. అన్న మూడుసార్లు తీసి, మూడుసార్లూ చెడిపోయిందన్నాడు. ఈలోగా గడువు దాటిపోయింది. చెడిపోలేదు. ఒక్కటి కూడా చెడిపోలేదు.

"పారేయ్ వదినా" అంది ఆడపడుచు గొంతు తగ్గించి. "లేదంటే దాచెయ్. రేపు సాయంత్రం దాకా అయినా ఆగు. వాడు ఆ మనిషికి వద్దని చెప్పాక నీ ఇష్టం. ఇప్పుడు చూపిస్తే దుకాణం నీ చేతులారా నువ్వే ఇచ్చేసినట్టు!"

"అందరి ముఖాలూ కిటికీలో పెట్టి, అతనిది పెట్టెలో పెట్టి ఆ అట్టముక్క కింద కూర్చోలేనమ్మాయ్" అంది నవ్వమ్మ. "సాయంత్రం తరవాత చూపిస్తే, గది కోసం ఆగానని అతనికి తెలియదా?"

మర్నాడు పొద్దున్నే మొదటి దారం మధ్యలో ఆ ఫోటోను తగిలించింది.

ఆఫీసుకు వెళ్తూ మరిది కిటికీ దాటి నాలుగడుగులు వేసి, ఆగాడు. వెనక్కి వచ్చాడు. అద్దంలో అతని ముఖం ఆ ఫోటో మీదే పడింది. తెల్లజుట్టు నల్లజుట్టు మీద నిలిచింది. రెండు బస్సులు వచ్చి వెళ్ళాయి. లోపల నవ్వమ్మ స్టూలు తుడుస్తూనే ఉంది, చేతికి వేరే పని తోచలేదు.

అతను చెప్పులు బయట విడిచాడు. గడప దాటాడు.

"చెడిపోలేదన్నమాట."

"లేదు."

"మీకు తెలుసా?"

"కవరు మీద ఓడ వేసింది నేనే."

అతను ఆమె ముఖంలోకి చూడలేదు. స్టూలు వెనక ఫోటోల కోసం కట్టిన తెర వైపు చూశాడు. "ఎందుకు?"

"నువ్వు వెళ్ళిపోతే ఇల్లు బోసిపోతుందని ఆయనకి భయం. వెళ్ళొద్దురా అని అడగడానికి నోరు రాలేదు. ఫోటో చెడిపోయిందనడం తేలికైంది. తప్పే. నేను చెప్పకపోవడం ఇంకో తప్పు."

"ఒక్కసారి అడిగుంటే ఆగిపోయేవాణ్ణి వదినా" అన్నాడు. "ఆగే ఉన్నాను కూడా. ఆగానని నాకే తెలియకుండా ముప్ఫై ఏళ్ళు కోపంగా ఉన్నాను."

వెళ్ళి స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె అలవాటు కొద్దీ కాలరు సరిచేసింది.

"నవ్వమనకండి ఈసారి."

"అనను."

ఆమె కెమెరా వెనక నిలబడింది. అతను నవ్వలేదు. కానీ భుజాలు, ఎన్నాళ్ళుగానో మోస్తున్నదేదో కింద పెట్టినట్టు, మెల్లగా దిగాయి. అప్పుడు నొక్కింది.

"ఎప్పుడు రమ్మంటారు తీసుకోవడానికి?"

"రేపు."

"ఈసారి చెడిపోదుగా?" అని లేచాడు. గుమ్మంలో ఆగి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు, "ఆఫీసుకు పోతూ ఆ ఫోన్లాయనకి ఇంకో గది చూసుకోమని చెప్తాను. సాయంత్రం దాకా ఎందుకు. మీ కోసం కాదు, రేపు వచ్చేసరికి దుకాణం ఇక్కడే ఉండాలిగా."

పక్క గదిలో అంతసేపూ ఆగి ఉన్న కుట్టుమిషను ఒక్కసారిగా మొదలైంది.

నవ్వమ్మ కొత్త కవరు తీసుకుంది. ఇప్పుడు ఆమెకు రాయడం వచ్చు. అయినా పెన్సిలు పట్టుకుని కాసేపు ఆలోచించి, గడప బయట విడిచిన ఒక జత చెప్పుల బొమ్మ వేసింది.