మార్గెడ్ గేటు దాటిన రోజు

ఏడింటి రైలు వెళ్లిపోయాక మార్గెడ్ రోడ్డుకు అడ్డంగా ఉన్న బరువైన చెక్క గేటును భుజంతో నెట్టి తెరిచింది. అవతల ఆగిన పాలబండి, గొర్రెల మంద కదిలాయి. ఆమె యాభై నాలుగేళ్ల పొట్టి మనిషి. కుడి భుజం ఎడమదానికన్నా లావు. రైల్వే పనిలోనే భర్త పోతే, ఈ గేటూ పక్కన రెండు గదుల రాతి ఇల్లూ ఇచ్చారు. అప్పటినుంచి ఇరవై రెండేళ్లుగా నెడుతున్న భుజమది.

గొంతు మాత్రం ఊరందరిదీ. బుధవారం బుధవారం ఊరి చిన్న చర్చి, చాపెల్ వెనకగదిలో బృందగానం సాధన చేసేవారు. ఆడగొంతుల్లో కింది స్వరాల వరసను ఆమె మోస్తే, మిగతా ఆరుగురి గొంతులూ దానిమీద ఎక్కి కూర్చునేవారు. ఆ 1949 ఆగస్టులో, పాటలూ పద్యాలూ వెల్ష్‌లో పోటీపడే వేల్స్ జాతీయ పండుగ ఐస్టెడ్‌వోడ్ పన్నెండు మైళ్ల దూరంలోని డోల్గెల్లైకి వచ్చింది. ఊరి బృందం పేరిచ్చింది. మార్గెడ్ ఇవ్వలేదు. ఆ వారమంతా అదనపు రైళ్లు. సెలవడిగితే ఇన్‌స్పెక్టరు తల అడ్డంగా ఊపాడు.

పోటీ రోజున, తొమ్మిదిన్నర ప్రత్యేక రైలుకు ఆమె గేటు వేస్తుండగా రోబట్ ఎల్లిస్ వచ్చాడు. రిటైరైన గార్డు, డెబ్బై తొమ్మిదేళ్లవాడు. పాత కోటు బొత్తాములు తళతళలాడుతున్నాయి.

"జరుగమ్మాయ్. ఇవాళ గేటు నాది."

"మతిపోయిందా బాబాయ్? ఇన్‌స్పెక్టరు చూస్తే?"

"వాడికి జెండా పట్టడం నేర్పిందెవరనుకున్నావ్? నిన్న వాడింట్లో కూర్చుని, సంతకం పెట్టేదాకా లేవలేదు. పాపం, వాడి పెళ్లాం నాకు భోజనం కూడా పెట్టింది." కాగితం తీసి ఊపాడు.

"గౌను ఇస్త్రీ చేసుకోలేదు..."

"మార్కులు గొంతుకే, గౌనుకి కాదు!"

పక్కనే చిన్న హాల్టు స్టేషనులో రైలెక్కుతున్న బృందంలోంచి, పాట నడిపించే చెప్పులు కుట్టే ఇవాన్ బ్రీస్ అరిచాడు: "వదినా! ముందు ఆ ఏప్రన్ విప్పి ఎక్కు!"

డోల్గెల్లైలో పోటీల మహాపందిరి కింద వేలమందిని చూసి ఇవాన్ చేతులు తాళం తప్పాయి. రెండో చరణంలో పై గొంతులు తడబడ్డాయి. మార్గెడ్ కళ్లు మూసుకుని తన వరసను గేటులాగే గట్టిగా పట్టుకుంది. ఒక్కొక్కరే వచ్చి దానికి ఆనుకుని నిలదొక్కుకున్నారు. మూడో బహుమతి వచ్చింది. "ఆ కింది వరస మీద ఇల్లు కట్టుకోవచ్చు" అన్నాడు న్యాయనిర్ణేత. మొదటిదే వచ్చినట్టు ఒకరినొకరు ఎత్తుకుని తిప్పారు. తిరుగు రైల్లో దారి పొడుగునా పాడుతూనే ఉన్నారు.

కొండమీద ఇంకా ఎండ ఉండగానే హాల్టు వచ్చింది. గేటు దగ్గర రోబట్ నిటారుగా జెండా పట్టుకుని ఉన్నాడు. "ఎన్నోది?" అని కేకేశాడు. మార్గెడ్ కిటికీలోంచి మూడు వేళ్లు చూపింది. ముసలాయన టోపీ గాల్లోకి ఎగరేశాడు.

వీడ్కోళ్లు తెమిలేసరికి పావుగంట పట్టింది. ఆమె వచ్చేసరికి గేటు తీసి ఉంది, ఇంట్లో కిటికీ పక్క కుర్చీలో రోబట్ కూర్చుని ఉన్నాడు. టోపీ మోకాలి మీద, తల కాస్త వాలి.

"న్యాయనిర్ణేత ఏమన్నాడో తెలుసా బాబాయ్?" అంటూ మొదలుపెట్టి ఇవాన్ చేతులూ, ఇల్లు కట్టుకునే మాటా, అంతా చెప్పింది. నవ్వింది. అప్పుడు ఆయన చెయ్యి పట్టుకుంది. నాడి అందలేదు.

చాలాసేపు వదల్లేదు.

బల్ల మీద, ఆమె కోసం పోసి సాసరు మూతపెట్టిన టీ కప్పు ఇంకా వెచ్చగానే ఉంది.