వీడియోల ఉన్నదెవరు

సదానందం ప్యాంట్లను మూడోసారి జాడించినా బకెట్ అడుగున ఇసుక తేలుతనే ఉన్నది. విశాఖపట్నం పోయి నిన్ననే మంథనికి తిరిగొచ్చిన్రు. ముగ్గురివి నాలుగు రోజుల బట్టలు. నల్లా కాడ కూసొని జమున ఉతుకుతున్నది. ముందటి అర్రల ఆమె మొగడు సదానందం, పక్కింటి కమలవ్వకు సముద్రం ముచ్చట చెప్తుండు.

"ఒక్కసారి లోపటికి పోయినమనుకో, పైన ప్రపంచమొకటి ఉన్నదని గూడ యాదికుండది!"

జమున చెయ్యి ఆగింది. గా మాట తనది. రైల్ల బిడ్డ మమతారాణికి మెల్లగ చెప్పుకున్నది. ఆయన పక్కన కండ్లు మూసుకొని ఉంటే పండుకున్నడే అనుకున్నది.

టూర్ అంటే నాలుగు రోజులు పని తప్పుతదనుకున్నది గని, హోటల్ బాత్రూంల గూడ బట్టలు పిండుడే అయ్యింది. జలాంతర్గామి మ్యూజియం కాడ "ఇనుప రేకులే గదా, నువ్వేం జూస్తవ్, బ్యాగులు పట్టుకో" అన్నడు సదానందం. కైలాసగిరి మీద చెప్పులకు కావలున్నది. మూడోనాడు రుషికొండకు పోయిన్రు. గాలి సిలిండర్ కట్టుకొని సముద్రం అడుగుకు మునిగే స్కూబాకు ఆయన తన ఒక్కని పేరే రాయించుకున్నడు. "అమ్మ గూడ పోతదా డాడీ?" అని పిల్ల అడిగితే, "మీ అమ్మకు బకెట్ల నీళ్ళు జూస్తెనే కండ్లు తిరుగుతయ్" అని పక్కోళ్ళు వినేటట్టు నవ్విండు. బాసర కాడ గోదాట్ల పన్నెండేండ్లు వచ్చేదాంక దినాం ఈదిన మనిషామె. పదహారేండ్ల సంసారంల ఆయన అడుగలే, ఆమె చెప్పలే.

మొలలోతు నీళ్ళల్ల నేర్పుతున్నప్పుడే సదానందం మొఖానికున్న అద్దం పీకేసిండు. రెండోసారి నోట్ల గొట్టం ఉమ్మేసిండు. మూడోసారి తల నొస్తుందని ఒడ్డుకు వచ్చి కూసున్నడు. నేర్పే అతను జమున దిక్కు చూసి, "మీరొస్తారామ్మా? భయం లేదు, చెయ్యి వదల్ను" అన్నడు. మొగని మొఖం దిక్కు చూడకుంటనే "వస్త" అన్నది జమున. అన్నంక తనకే ఆశ్చర్యమైంది.

సముద్రం లోపట చప్పుడు లేదు. ఉన్నదల్లా తన ఊపిరి ఒక్కటే. లోనికి పోవుడు, బుడగలై పైకి పోవుడు. గన్నేండ్లల్ల తన ఊపిరి తను ఎన్నడూ వినలే. పసుపు చారల చేపలు మోచేతిని రాసుకుంట పోయినయ్, ఎవ్వల్నీ ఏమీ అడుగకుంట. నా టవలేది అనేటోళ్ళు లేరు, కూర చప్పగుంది అనేటోళ్ళు లేరు. అతను బొటనవేలు పైకి చూపెట్టిండు, ఇగ పైకి పోదామని. జమున తల అడ్డంగ ఊపింది. అతను కోపం చెయ్యలే. ఇంకొక్క నిమిషం ఉండనిచ్చిండు. వద్దంటే ఊకున్న మనిషిని ఆమె గప్పుడే చూసింది.

ఆటోల హోటల్‌కు వచ్చుడు గూడ కాలే, నేర్పే అతను లోపట తీసి సదానందం ఫోన్‌కు పంపిన వీడియో చుట్టాల గ్రూపుల పడ్డది. 'సముద్రం అడుగున నేను' అని రాసిండు. నల్ల డ్రెస్సు, మొఖానికి అద్దం, లోపలున్నది ఆడో మొగో ఎవలు గుర్తు పడ్తరు?

"మనం ఒకటే గాదు? నువ్వు పోతేంది, నేను పోతేంది? నువ్వు, పోరి నోరు తెరువకున్రి. నా ఇజ్జత్ పోతది" అన్నడు. ఆయన ఆఫీసు రిపోర్టులు ఈమె రాసిచ్చినప్పుడు గూడ గిదే మాట. సంతకం మాత్రం ఆయనదే.

"ఏ జమునా, ఛాయ్ తేరాదు!" అత్త శంకరవ్వ కేకేసింది.

ఛాయ్ పట్టుకొని పోయేసరికి కమలవ్వ పిల్లను అడుగుతున్నది. "నిజమేనానే? మీ బాపు గంత లోతుకు పోయిండా?"

మమత తండ్రి దిక్కు చూసింది. ఆయన నవ్వుతనే ఉన్నడు గని కండ్లు నవ్వుతలేవు.

"పోయిండు పెద్దవ్వా. నేనే చూసిన" అన్నది పిల్ల. ఎంత నున్నగ అన్నది! తడుముకోలే, మొఖం మీద చిన్న నవ్వు గూడ పెట్టుకున్నది. గా నవ్వు జమునకు ఎరుకే. ఆడిబిడ్డల ముందట, ఆఫీసోళ్ళ ముందట తను పెట్టుకునే నవ్వు. పన్నెండేండ్ల పిల్ల చూసి చూసి నేర్చుకున్నది.

జమున ఛాయ్ పళ్ళెం కింద పెట్టింది.

"లేదు కమలవ్వా. ఆయన మొలలోతుకెల్లి మర్లిండు. వీడియోల ఉన్నది నేను."

"దీనికి మజాక్ జర ఎక్కువైంది" అని సదానందం నవ్వబోయిండు. ఎవ్వలూ నవ్వలే. "మొగని ఇజ్జత్ గిట్ల తీస్తరానే?" అన్నది శంకరవ్వ. సదానందం లేచి, కుర్చీ వెనుకకు పడ్తే గూడ చూడకుంట బయటికి పోయిండు. ఇగ ఎన్ని దినాలు మాట్లాడడో, ఎన్ని పూటలు కంచం నెట్టేస్తడో జమునకు తెలుసు. అయినా లోపటికి పోలే, బిడ్డ పక్కన కూసున్నది.

"మమతా, నా ఫోన్ తీయి. గ్రూపుల రాయి. అది మా అమ్మ అని."

పిల్ల ఫోన్ అందుకున్నది. నాయనమ్మ దిక్కు ఓసారి, తల్లి దిక్కు ఓసారి చూసింది.

"ఉట్టిగ అమ్మ అనే రాయాల్నా?"

"వద్దు," అన్నది జమున. "పేరు రాయి."