సొల్గోల్‌లో చేతులు మారిన పనులు

మిరన్ పొద్దున్నే రెండు పొయ్యిలు రాజేస్తుంది. మొదటిది తన ఇంట్లో, రెండోది పిట్టగోడ అవతల పిల్సున్ అవ్వ ఇంట్లో. అవ్వ దుప్పటి కప్పుకుని గడప మీద కూర్చుని చూస్తూ ఉంటుంది. చితుకులు ఎటు పేర్చాలో, గాలి ఎంత వదలాలో ఆవిడకు తెలీదు. రెండేళ్ళ కిందటి దాకా ఆ లోయలో ఆవిడలా పొయ్యి రాజేసేవాళ్ళు లేరు. ఒక్క అగ్గిపుల్ల గీస్తే చాలు, ఆ వేడి నేల కింద గూళ్ళలోంచి పాకి గదంతా పరుచుకుని తెల్లారేదాకా నిలిచేది. ఇప్పుడు ఆ పని మిరన్ చేతుల్లో ఉంది.

సొల్గోల్‌లో అంతే. కొరియా కొండల మధ్య తొమ్మిది గడపల ఊరు. అక్కడ పని నేర్పడమంటూ ఉండదు, ఇవ్వడమే ఉంటుంది. ఒకరి చేతిలోని పని ఇంకొకరికి ఇస్తే ఇచ్చినవాళ్ళ దగ్గర మిగలదు. కొడవలి నూరడం తెగూ నగరానికి వెళ్ళిపోయిన ఒకతనితో పాటే వెళ్ళిపోయింది. అప్పట్నుంచి ఊళ్ళోవాళ్ళు కొడవళ్ళు సంచిలో వేసుకుని బస్సెక్కి పట్నంలో నూరించుకొస్తున్నారు. చాపలు అల్లే ఆవిడ ఎవరికీ ఇవ్వకుండానే పోయింది. ఇదేమీ వింతగా చెప్పుకోరు. ఈ ఏడు మంచు ఆలస్యమైంది అన్నంత మామూలుగా చెప్పుకుంటారు.

మిరన్, ఆమె భర్త తేసిక్ ఇంచన్ నగరం నుంచి వచ్చారు. పద్దెనిమిదేళ్ళు రంగులు కొట్టే షెడ్డులో పనిచేసి తేసిక్ ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. కొండగాలి పీలుస్తూ, పండించుకున్నది తింటూ, కావలసినవి చేత్తో చేసుకుంటూ బతుకుదామనుకున్నారు. మొదటి ఏడాది ఒక్కటీ కలిసిరాలేదు. కిమ్చీ పచ్చడికని ఉప్పులో ఊరేసిన క్యాబేజీ చీకిపోయింది. సోయా గింజలు ఉడికించి, దంచి, ఇటుకల్లా చేసి గడ్డితో కట్టి వేలాడదీస్తే నీలం బూజు పట్టాయి. చలి మొదలయ్యాక నేల రాయిలా ఉండేది. మిరన్ ఫోన్‌లో వీడియో పెట్టుకుని పొయ్యి ముందు గంటలకొద్దీ ఊదుతూ కూర్చునేది.

ఒకరోజు పిల్సున్ అవ్వ గోడ మీంచి తొంగి చూసింది.

"ఆ ఫోన్లో మంటేమైనా ఉందా, అమ్మాయ్?"

"నేర్చుకుంటున్నా అవ్వా."

"ఎప్పటికి నేర్చుకుంటావ్, మొగుడు గడ్డకట్టాకా? జరుగు."

అవ్వ లోపలికొచ్చి మిరన్ చేతుల మీద తన చేతులు వేసి ఒక్కసారి చితుకులు పేర్చింది. మంట లేచింది. మర్నాడు అవ్వ ఇంటి చిమ్నీలోంచి పొగ రాలేదు. మిరన్ వెళ్ళి చూస్తే అవ్వ అగ్గిపెట్టె ఒళ్ళో పెట్టుకుని, ముక్కూమొహం తెలియని మనిషి ఇంటికొచ్చినట్టు పొయ్యివైపు చూస్తోంది.

"నాకు తెలీదవ్వా. తెలిస్తే తీసుకునేదాన్ని కాదు."

"తెలీదనేగా చెప్పకుండా ఇచ్చింది. ముందు ఆ పొయ్యి సంగతి చూడు."

తర్వాతి ఏడు చలికాలం ముందు క్యాబేజీకి ఉప్పు పట్టించడం ఇచ్చింది. ఆపైన సోయా ఇటుకలు కట్టి, చలికాలం చివర వాటిని ఉప్పునీళ్ళలో వేసే జాడీ పని మొత్తం. ప్రతిసారీ మిరన్ వద్దనేది. ప్రతిసారీ అవ్వ ఆమె చేతులు పట్టేసుకునేది. జాడీ పెట్టడం ఊరందరికీ సంబంధించిన పని. ఆ జాడీల్లోంచే తొమ్మిది ఇళ్ళకూ ఏడాది పొడుగునా సోయా సాస్, సోయా ముద్ద వెళ్ళేవి. అది బయటినుంచి వచ్చిన దాని చేతికి పోయిందని తెలిసి ఊరిపెద్ద దొక్మాన్ అవ్వ మీద విరుచుకుపడ్డాడు.

"నిన్నగాక మొన్న వచ్చింది. రేపు మూటాముల్లే సర్దుకుంటే?"

"నువ్వొచ్చి అడిగావా ఎప్పుడైనా?" అంది అవ్వ. దొక్మాన్ చేతులు పదేళ్ళుగా వణుకుతున్నాయి, ఇచ్చినా వాటితో ఏ పనీ చేయలేడు.

అతను భయపడినట్టే అయింది. ఈ చలికాలంలో తేసిక్ దగ్గు ముదిరింది. రాత్రిళ్ళు గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోతున్నాడు. పట్నంలో డాక్టరు ఛాతీ ఎక్స్‌రే తీయించి చూసి, ఇంట్లో కట్టెల పొయ్యి ఉందా అని అడిగింది. ఉందన్నారు. అయితే ఆ ఇంట్లో ఉండకండి అంది.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మిరన్ తన చేతులకేసే చూసుకుంటూ కూర్చుంది. అంత ఆశపడ్డ మంటే మొగుడి గుండెల్లోకి పొగై పోయింది.

"సువన్‌లో మా అన్న మనకొక ఇల్లు చూస్తానన్నాడు," అన్నాడు తేసిక్. "వసంతం రాగానే పోదాం."

"అవ్వ?"

"ఆవిడ నిన్ను కట్టిపడేసింది మిరన్. నీకింకా అర్థం కావట్లేదా? చేతులు ఖాళీ చేసుకుని నీ ముందు కూర్చుంటే నువ్వెలా కదులుతావ్?"

మిరన్‌కు కోపం వచ్చింది. ఆ కోపం తేసిక్ మీదో అవ్వ మీదో తేల్చుకోలేకపోయింది. మర్నాడు పొయ్యి రాజేసి, లేవకుండా అక్కడే కూర్చుని అడిగేసింది.

"నన్ను కట్టేయడానికే ఇచ్చావా అవ్వా?"

అవ్వ దుప్పటి బిగించి చుట్టుకుంది.

"మొదటిది, నువ్వు చలికి చావకూడదని ఇచ్చాను. మిగతావి నువ్వు పోకూడదని."

మిరన్ అవ్వ చేతులు లాక్కుని, చితుకుల మీద పెట్టి, తన చేతులు పైన వేసి నొక్కింది. తీసుకో, తిరిగి తీసుకో అంది. ఏమీ జరగలేదు. ఒకసారి వదిలేసిన చేతులు మళ్ళీ పట్టవు. అవ్వ నెమ్మదిగా చేతులు వెనక్కి తీసుకుని దుప్పటిలో దాచుకుంది.

ఊళ్ళో సంగతి పాకింది. దొక్మాన్ వచ్చి వసారాలో కూర్చున్నాడు. వెంట అతని కోడలు లాన్ వచ్చింది, ముల్లంగి బుట్ట మోసుకుని. వియత్నాం నుంచి పెళ్ళై వచ్చి ఐదేళ్ళు. ఆమె మొగుడు రేవులో పని, రెండు నెలలకోసారి వస్తాడు. వెల్లుల్లి వలవడం, గిన్నెలు తోమడం, పొలంలో రాళ్ళు ఏరడం ఆమె పనులు. సోయా జాడీలు పెట్టే అరుగు మాత్రం ఎక్కనిచ్చేవాళ్ళు కాదు.

"వెళ్తే వెళ్ళు," అన్నాడు దొక్మాన్. "ఎవరి చేతికైనా ఇచ్చి వెళ్ళు. తొమ్మిది ఇళ్ళ ఇటుకలూ నువ్వు కట్టినవే వేలాడుతున్నాయి. వాటిని ఉప్పునీళ్ళలో ఎవరు వేస్తారు?"

"ఎవరికివ్వమంటారు పెద్దయ్యా? మేం పోతే ఊళ్ళో డెబ్భై దాటనివాళ్ళు మీ కోడలొక్కతే."

"దానికా?" దొక్మాన్ గొంతు తగ్గించలేదు. "దానికిస్తే పట్టుకుని వాళ్ళ దేశం పోతుంది."

లాన్ బుట్ట దించి, ముల్లంగి మట్టి దులుపుతూ ఉంది. తల ఎత్తలేదు.

మర్నాడు మిరన్ వాగు దగ్గర ఆమెను పట్టుకుంది. లాన్ మంచు పగలగొట్టి బట్టలు జాడిస్తోంది. వేళ్ళు బీట్‌రూట్ రంగుకు తిరిగాయి.

"నా దగ్గరున్నవి మూడు. నీకిస్తే తీసుకుంటావా?"

"తీసుకుంటే పారిపోతానని అందరూ నాకు కాపలా కాస్తారు అక్కా." లాన్ చొక్కా పిండింది. "ఇప్పుడూ కాస్తున్నారనుకో."

"వద్దంటే వద్దను. నన్నెవరూ అడగలేదు. అందుకే నేను అడుగుతున్నా."

"తీసుకుని వెళ్ళిపోతే?"

మిరన్‌కు అవ్వ గడప కళ్ళముందు మెదిలింది. పొగ రాని చిమ్నీ మెదిలింది.

"వెళ్ళిపో. నీవయ్యాక నీవే."

లాన్ ఇంకో రెండు చొక్కాలు జాడించింది. తర్వాత తడి చేతులు లంగాకు తుడుచుకుని ముందుకు చాచింది.

మిరన్ ఆ చేతుల మీద తన చేతులు వేసింది. పొయ్యి పోయింది. ఉప్పు పోయింది. జాడీ పోయేటప్పుడు వేళ్ళు ఒక్కసారి వెనక్కి లాక్కోబోయాయి. తనవని చెప్పుకోదగ్గవి ఈ లోకంలో ఆ మూడే. పళ్ళు బిగించి నొక్కి పట్టింది. అయిపోయాక ఇద్దరూ బట్టల బుట్ట చెరోవైపు పట్టుకుని ఊళ్ళోకి నడిచారు. ఆ సాయంత్రం అవ్వ పొయ్యి లాన్ రాజేసింది. ఇది మంచిపనో కాదో మిరన్‌కు తెలియలేదు. ఒకరి మెడలోని తాడు ఇంకొకరి మెడలో వేశానేమో అన్న ఆలోచన ఆమెను వారం రోజులు తిననివ్వలేదు.

జాడీలు పెట్టే రోజు ఎండ బాగా కాసింది. తొమ్మిది ఇళ్ళవాళ్ళూ ఇటుకలు బుట్టల్లో మోసుకొచ్చారు. లాన్ మొదటిసారి అరుగెక్కి నిలబడింది. పక్కన తొట్టి నిండా నీళ్ళు, ఉప్పు మూట. ఆమె చేతులు కట్టుకుని నిలబడి మామగారికేసి చూసింది.

"మావయ్యా, నా పాస్‌పోర్టు."

తలలన్నీ అటు తిరిగాయి.

"పెట్టెలో భద్రంగా ఉందిలే," అన్నాడు దొక్మాన్.

"నా దగ్గర కూడా భద్రంగానే ఉంటుంది."

"ఇది పని చేసే వేళ, ఆ మాటలు తర్వాత."

లాన్ చేతులు విప్పలేదు. అరవలేదు కూడా. ఎండ మాత్రం అరుగు మీద జరుగుతూ పోతోంది. పిల్సున్ అవ్వ బుట్ట బోర్లించి దాని మీద కూర్చుంది.

"తెచ్చివ్వు దొక్మాన్. ఈ పిల్ల చేతులు తప్ప మనకింక ఏమున్నాయి?"

దొక్మాన్ అందరి మొహాలూ చూశాడు. ఒక్కరూ అతని తరఫున మాట్లాడలేదు. వణుకుతున్న చేతులు వెనక్కి పెట్టుకుని ఇంటికి వెళ్ళాడు. వచ్చేసరికి అతని చేతిలో ప్లాస్టిక్ కవరు చుట్టిన చిన్న పుస్తకం ఉంది. లాన్ కవరు విప్పి, లోపల ఉన్న ఇరవై రెండేళ్ళ అమ్మాయి ఫొటో కాసేపు చూసింది. మూసి చొక్కా లోపల పెట్టుకుంది. అప్పుడు ఉప్పు మూట విప్పింది.

దోసిళ్ళతో ఉప్పు పోసి కలిపింది. పచ్చి గుడ్డు ఒకటి నీళ్ళలో వదిలింది. అది మునిగి, తేలి, నాణేమంత మేర పైకి కనబడుతూ ఆగింది. లాన్ తల ఊపింది. మిరన్ ఎంత చూసినా అందులో ఏముందో అంతుబట్టలేదు. ఆమెకు అది నీళ్ళలో ఒక గుడ్డు, అంతే.

"ఉప్పు చాలిందని ఎలా తెలిసింది లాన్?"

లాన్ వంగి మొదటి ఇటుక జాడీలోకి దించుతూ, ఆ ఊరికి వచ్చాక ఎవరూ చూడని నవ్వు ఒకటి నవ్వింది.

"చెప్తే నా దగ్గర ఉండదుగా అక్కా. నువ్వు ఆ మూత పట్టుకో."

మిరన్ మూత పట్టుకుంది.