తొమ్మిదో చోటు

ఆ ఆఫీసులో ఆవిడను పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశారు. యాభై దాటిన మనిషి, అందరికంటే ముందు చేరిన మనిషి, కాబట్టి పెద్దక్క అయింది. మొదట్లో ఆ పిలుపుకి కాస్త చిన్నబుచ్చుకుంది గానీ, ఇంట్లో పిలిచేవాళ్ళెవరూ లేనప్పుడు ఏ పిలుపైనా పిలుపే అని సర్దుకుంది.

సిటీ బస్సులు ఎప్పుడొస్తాయో జనానికి చెప్పడం ఆ ఆఫీసు పని. బస్టాపులో వెలిగే బోర్డు, చేతిలో ఫోను, డ్రైవరు ముందుండే తెర, స్టాపులో మైకు, అన్నీ వీళ్ళ ప్రోగ్రాము చెప్పమన్నదే చెబుతాయి. ఆ ప్రోగ్రాములో, బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యమో లెక్కగట్టే ముక్క ఒకటుంది. దాన్ని ఒక్కచోట రాసి, కావలసిన ప్రతిదీ అక్కడికే వచ్చి అడిగేలా చేయాలి. అది తెలియక కాదు, తీరిక లేక, ఎవరికి అవసరమైనప్పుడు వాళ్ళు ఆ ముక్కను కాపీ చేసి తమ దగ్గర అతికించుకున్నారు. ఏళ్ళు గడిచేసరికి ఒకే లెక్క తొమ్మిది చోట్ల తిష్ఠ వేసింది. అందులో సగం పెద్దక్క స్వహస్తాలతో అతికించినవే.

దాంతో ఎక్కడో ఒక రోడ్డు మూశారంటే చాలు, తొమ్మిది చోట్లా మార్చాలి. ఒక్కటి మరిచిపోతే బోర్డు ఒకటి చెబుతుంది, ఫోను ఇంకోటి చెబుతుంది, బస్సు తన దారిన తను పోతుంది. పోనీ వెతికి పట్టుకుందామా అంటే, కాపీ కొట్టినవాళ్ళు కుదురుగా ఉన్నారా? తలా ఒక పేరు పెట్టుకున్నారు. ఆ తొమ్మిదీ ఎక్కడ నక్కి ఉన్నాయో తెలిసిన మనిషి పెద్దక్క ఒక్కతే. అందుకే రోజూ ఎవరో ఒకరు కుర్చీ లాక్కుని వచ్చి పక్కన కూర్చునేవారు.

"అక్కా, ఎక్కడెక్కడ మార్చాలి?"

ఆవిడ చెప్పేది. చెప్పడం అయ్యాక వెంటనే లేచిపోతారా, లేవరు. ఫోన్ యాప్ చూసే కుర్రాడు తన ఇంటి ఓనరు చాదస్తం ఏకరువు పెట్టేవాడు. కొత్తగా చేరిన అమ్మాయి గదిలో తోడుండే పిల్ల గురకను యథాతథంగా చేసి చూపించేది. పెద్దక్క కళ్ళు తుడుచుకుంటూ నవ్వేది. శని ఆదివారాలు మాత్రం ఆవిడ గొంతుకి పనుండేది కాదు. సోమవారం లిఫ్టులో ఎవరైనా పలకరిస్తే మొదటి మాట గరగరమంటూ బయటికొచ్చేది, ఆవిడకే సిగ్గేసేది.

ఇక్కడ ఒక గుట్టు విప్పక తప్పదు. ఎవరొచ్చి అడిగినా పెద్దక్క ఎనిమిదే చెప్పేది. తొమ్మిదోది దాచుకునేది. టీ వేళ దాటాక, "అయ్యో, ఇంకోటుందమ్మా, మతిమరుపు ముండాదాన్ని, ఒకసారి ఇటు రా" అని పిలిచేది. వాళ్ళు మళ్ళీ కుర్చీ లాక్కునేవారు. రోజుకి రెండుసార్లు. మార్పులు ఎలాగూ మర్నాడు గానీ బస్టాపులకి చేరేవి కావు కాబట్టి ఎవరికీ నష్టం లేదు. మోసమా అంటే మోసమే. ఆకలేసినవాడు ఇంకో ముద్ద అడగడానికి మొహమాటపడి చారు బాగుందన్నట్టు, అంతే.

కొత్త టీమ్ లీడరు వచ్చాడు. ఆవిడకంటే ఇరవయ్యేళ్ళు చిన్న, మర్యాదస్తుడు.

"అక్కగారూ, ఆ తొమ్మిదీ కలిపి ఒకటి చేసేద్దామండీ. గుట్టుమట్లన్నీ మీకే తెలుసు, మీరే చెయ్యాలి."

"చేద్దాం బాబూ, అదెంత పని. కానీ పాత సరుకు కదా, ఒకటి లాగితే ఏది ఊడుతుందో."

"ఎన్నాళ్ళు పట్టొచ్చండీ?"

"చూద్దాం."

ఆ చూద్దాంతోనే నెలల తరబడి నెట్టుకొచ్చింది. లాగితే ఏదీ ఊడదని ఆవిడకు తెలుసు. ఆ లెక్క ఒక్కచోటికి వస్తే ఇక అడగడానికేం మిగలదు. అడగడానికేం లేకపోతే తన దగ్గరికి ఎవరొస్తారు?

ఇలా ఉండగా వంతెన రిపేరు అయిపోయింది. ఇన్నాళ్ళూ చుట్టు తిరిగిన బస్సులు ఇక తిన్నగా వెళ్తాయి, కాబట్టి ఆలస్యంలో కలిపిన పది నిమిషాలు తీసేయాలి. పొద్దున్నే కొత్తమ్మాయి వచ్చి కూర్చుంది. పెద్దక్క ఎనిమిది చోట్లు చెప్పి, మైకుది టీ వేళకి దాచింది. టీ వేళ దాకా ఆగనిచ్చిందెవరు? పుచ్చిపోయిన దంతం ఒకటి ఒక్కసారిగా ప్రాణం తోడేసింది. చెంప పట్టుకుని డాక్టరు దగ్గరికి పరుగెత్తింది, పన్ను పీకించుకుంది, మాత్రలు మింగి పడుకుంది. అక్కడ ఆఫీసులో, వంతెన అప్పుడే తెరిచేశారు, మార్పు ఈరోజే పంపేయమన్నాడు లీడరు. ఆ పిల్ల ఆ తొందరలో లెక్క చూసుకోకుండా, తనకు చెప్పిన ఎనిమిదీ మార్చి పంపేసింది.

కళ్ళున్నవాళ్ళు బోర్డు చూసుకుని బస్సెక్కేశారు. చూపు లేనివాళ్ళకి మైకే దిక్కు. వాళ్ళలో పిల్లలకి సంగీతం చెప్పుకునే ఒకాయన, పది నిమిషాలుంది కదా అని ఎండ తప్పించుకోవడానికి పక్క షాపులోకి వెళ్ళి నిలబడ్డాడు. బస్సు వచ్చింది, వెళ్ళిపోయింది. రెండో రోజూ అంతే. ఆయన ఫోన్ చేసి అన్న మాటలు లీడరు అందర్నీ కూర్చోబెట్టి వినిపించాడు.

"బోర్డు మీద ఏముంటే నాకేంటండీ? మైకులో ఆవిడ పది నిమిషాలంది. నమ్మాను. మర్నాడు కూడా నమ్మాను చూడండి, అదీ నా తెలివి."

ఎవరూ నవ్వలేదు. అంత మర్యాదస్తుడూ ఆ రోజు గొంతు పెంచాడు. "తొమ్మిది చోట్లని ఆఫీసంతా కోడై కూస్తుంటే నువ్వు ఎనిమిదితో ఎలా సరిపెట్టావమ్మా? ఇంత నిర్లక్ష్యమా?"

"అక్క చెప్పినవి..." అని మొదలుపెట్టి కొత్తమ్మాయి పెద్దక్క వైపు చూసింది. వాచిపోయిన చెంప చూసి ఆగిపోయింది. "నేనే సరిగ్గా వినలేదేమో సార్."

పెద్దక్క తల వంచుకుంది. నోట్లో దూది ఉంది, నిజమే. దూది అడ్డమై మాట రాలేదంటే మాత్రం ఎవరూ నమ్మరు, ఆవిడతో సహా.

మర్నాటి నుంచే పనికి కూర్చుంది. తొమ్మిది కాపీలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే, ఒకే తల్లి పిల్లలు తొమ్మిది ఇళ్ళలో పెరిగినట్టున్నాయి. ఒకటి అర నిమిషాన్ని నిమిషం చేస్తుంది, ఇంకోటి ఆ అరను మింగేస్తుంది. ఒకదానికి సెలవురోజుల సంగతే తెలియదు. ఏ వంకర ఎవరిదో ఆవిడ ఇట్టే పోల్చుకుంది. ఈ బారెడు పేర్లు ఎప్పుడో ఉద్యోగం మానేసి వెళ్ళిన ఒకాయన పెట్టినవి. ఈ తొందర తనది. ఏది సరైనదో తేల్చి, ఒక్క లెక్క రాసింది. ఒకే బస్సు వివరాలను పాతదానికీ కొత్తదానికీ ఇచ్చి జవాబులు పోల్చి, తేడా ఉంటే ఎందుకో తేల్చుకుని, అప్పుడు పాతది చెరిపేసింది. ఒక్కొక్కటీ చెరిపినప్పుడల్లా ఒక మనిషిని బస్సెక్కించి వచ్చినట్టయ్యేది. మైకుది ఆఖర్న చెరిపింది.

అందరూ చప్పట్లు కొట్టారు. లీడరు పొంగిపోయాడు. ఫోన్ యాప్ కుర్రాడయితే, "అక్కా, ఇన్నాళ్ళూ మిమ్మల్ని ఎంత విసిగించామో, ఇక మీకు ప్రశాంతం!" అన్నాడు. పాపం, మంచి మనసుతోనే అన్నాడు.

ప్రశాంతం అంటే ఏమిటో ఆ వారంలోనే తెలిసింది. రెండు రోడ్లు మూశారు, ఒకటి తెరిచారు. ఎవరి మార్పులు వాళ్ళే క్షణాల్లో చేసుకున్నారు. పెద్దక్క మెడ తిప్పినప్పుడల్లా వంచిన తలలు, చెవులకు హెడ్‌ఫోన్లు కనిపించాయి. ఎవరి తప్పూ లేదు. గురువారానికి ఆఫీసులో కూడా ఆవిడ మొదటి మాట గరగరలాడింది. ఏడుపొచ్చింది.

మర్నాడు లీడరు గదిలోకి వెళ్ళి జరిగిందంతా చెప్పేసింది. అక్కణ్ణుంచి తిన్నగా కొత్తమ్మాయి సీటు దగ్గరికి నడిచింది. ఇన్నేళ్ళలో తనే లేచి తోటివాళ్ళ బల్ల దగ్గరికి వెళ్ళడం అదే మొదలు. ఆ పిల్ల ఉలిక్కిపడి హెడ్‌ఫోన్లు తీసింది.

"ఏంటక్కా, నాది మళ్ళీ ఏమన్నా తప్పొచ్చిందా?"

"లేదమ్మా. ఆ రోజు కూడా నీది తప్పు కాదు. నువ్వు సరిగ్గానే విన్నావు. నేను ఎనిమిదే చెప్పాను."

"మర్చిపోయారా?"

"మర్చిపోలేదు. కావాలనే దాచాను. ఇప్పుడే మీ సార్‌తో చెప్పి వస్తున్నా."

"ఎందుకక్కా?"

పెద్దక్క బల్ల అంచు పట్టుకుంది. "అన్నీ ఒకేసారి చెప్పేస్తే నువ్వు మళ్ళీ రావుగా. సాయంత్రం ఇంకోసారి వచ్చి కూర్చుంటావని."

ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అవి జాలివి కావు. "అప్పట్నించీ నాకు వినడం కూడా సరిగ్గా రాదనుకుంటున్నానక్కా. ఎవరేం చెప్పినా రెండేసి సార్లు అడుగుతున్నా. నవ్వుతున్నారు అందరూ."

"నాదే తప్పమ్మా."

"ఒక్కసారి రమ్మంటే వచ్చేదాన్ని కదా అక్కా," అంది ఆ పిల్ల. "పనేం లేకపోయినా వచ్చేదాన్ని."

హెడ్‌ఫోన్లు పెట్టుకుని తెర వైపు తిరిగింది. పెద్దక్క తన సీటుకి వెళ్ళి కూర్చుంది.