ద్రాక్షతోటలో మంద

చెనక్కాయ చేలో రాత్రిపూట గొర్రెల మంద నిలిపితే వాటి పెంటతో భూమికి బలమొస్తుందని ఊరంతా ఎరిగిన సంగతే. వానల్లేక చేను ఎండిపోయిన ఆ ఏడు, బోరు కింద కొత్తగా పెట్టిన ద్రాక్షతోటకూ అదే ఎరువు వేయిద్దామనుకుంది ఓబమ్మ. తీగలు కత్తిరించడం అయిపోగానే కాపరి కొల్లప్పను పిలిచి, పొద్దుగూకే వేళకు మందను తోటలోకి తోలించింది.

తెలతెలవారుతుండగా కొల్లప్పకు సంగటి ముద్ద తెచ్చిన ఓబమ్మ కంచె దగ్గరే ఆగిపోయింది. కత్తిరించిన ఆకును అక్కడే కుప్ప పోసింది తను. ఇప్పుడు కాడలు తప్ప ఏమీ మిగల్లేదు. నిన్న మొగుడు తీగలకు నీలి మైలుతుత్తం మందు కొట్టాక, డ్రమ్ము అడుగున మిగిలిన మడ్డిని ఆ కుప్ప మీద గుమ్మరించిందీ తనే. చెనక్కాయ ఆకు ఎంత మేసినా గొర్రెకు ఏనాడూ ఏమీ కాలేదు. ఆ అలవాటులో తుత్తం గొర్రెకు విషమన్నదే మరిచింది; అదే కొంప ముంచింది.

కొల్లప్పకు ఈ మంద తప్ప సెంటు భూమి లేదు.

"రాక్కా, సూడు!" అంటూ అతను నవ్వుతూ ఎదురొచ్చాడు. "ఆకంతా ఊడ్సిపెట్టినాయి. ఒక్క రేయికే నీ తోటకు ఎంత ఎరువు పడిండాదో!"

చెప్పాలని నోరు తెరిచింది. అప్పుడే మసక విడి వెలుతురు పరుచుకుంది. ఓబమ్మ కిందికి చూసింది.

ప్రతి తీగ మొదట్లోనూ ఎరువు పడే ఉంది. ఉండలుగా కాదు, నీళ్లు నీళ్లుగా, నీలంగా.