ముల్లు కింద అక్షరాలు

పాత వంతెన కొట్టుకుపోయిన వరద వచ్చిన మరుసటి ఏడాది జరిగిందిది. అప్పటికి పంతొమ్మిదేళ్ళుగా డాక్టరమ్మగారి దగ్గర డ్రైవర్ని. మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి. అంకెలు వచ్చు. ఇంగ్లీషు అక్షరాలు రావు. ఆ సంగతి నేను చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

పాత కారు వరద నీళ్ళలో పాడైతే డాక్టరమ్మగారు ఎవరో విదేశం నుంచి తెచ్చుకున్న కారు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. మెత్తటి బండి. స్పీడు ముల్లు అరవై దాటకుండానే గంట దారి నలభై నిమిషాల్లో అయిపోయేది. "నీ చేతిలో ఏదో ఉందయ్యా" అనేవారు ఆవిడ. నేనూ అదే అనుకున్నాను.

కొత్త వంతెన దిగగానే మలుపు. బోర్డు మీద నలభై అని ఉంటుంది. ఆ రోజు తుంపర పడుతోంది. ముల్లు సరిగ్గా నలభై మీద పెట్టి తిప్పాను. బండి నా మాట వినలేదు. జారిపోయి రాతిగోడకి కొట్టుకుంది. డాక్టరమ్మగారి కుడిచెయ్యి విరిగింది. ఆపరేషన్లు చేసే చెయ్యి.

ముందురోజే ఆ బండికి టైర్లు మార్చింది నా బావమరిది. టైర్ల షాపు వాడిది. జనం మూగేసరికి నా నోట్లోంచి వచ్చేసింది. "నేను నలభై మీదే ఉన్నాను. నా బావమరిదే చక్రం సరిగ్గా బిగించలేదు."

మామూలుగా నోరు విప్పనివాణ్ణి కదా, అన్నది అందరూ నమ్మారు. వాడు పరిగెత్తుకొచ్చి, "నట్లన్నీ బిగుతుగానే ఉన్నాయి, చూడు బావా" అన్నాడు. నేను చూడలేదు. ఆసుపత్రి అంబులెన్సులు వాడి షాపుకి వెళ్ళడం మానేశాయి. తర్వాత మిగతా బళ్ళూ. నా భార్య సొంత తమ్ముడితో మాటలు మానేసింది.

రెండు నెలలకి డాక్టరమ్మగారి చేతి కట్టు విప్పారు. ఆ రోజు ఆవిడ, బాగుచేయించిన అదే బండిలో, నా పక్క సీట్లో కూర్చున్నారు.

"ఎంత మీద పోతున్నావు?"

"ముప్పై అమ్మా."

"ముప్పై అయితే చెట్లు ఇలా పరిగెడతాయా?" అని వంగి చూశారు. "ఇవి మైళ్ళయ్యా! ముల్లు కింద రాసే ఉంది. బోర్డుల మీదవి కిలోమీటర్లు. మైలంటే కిలోమీటరున్నర పైమాటే."

బండి పక్కకి ఆపాను. నలభైకి ఎంతో వేళ్ళ మీద లెక్కేసుకున్నాను. అరవై దాటింది.

"చదవలేదా ఇది?"

"రాదమ్మా."

"పోనీలే, చెయ్యి అతుక్కుంది. కొన్నప్పుడు నేనైనా చూడాల్సింది. ఎవరికీ చెప్పకు, నేనూ చెప్పను" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటికెళ్ళి భార్యకి చెప్పాను. వడ్డిస్తున్న గరిటె గిన్నెలో పెట్టేసింది. "మొన్న బస్సులో వాడు 'అక్కా' అని పిలిస్తే మొహం తిప్పుకున్నాను" అంది.

మర్నాడు పొద్దున్నే షాపుకి వెళ్ళాను. వాడు చేతిలో పనేమీ లేక గుమ్మంలో కూర్చున్నాడు. ఎదురుగా టీ కొట్టు దగ్గర పదిమంది ఉన్నారు.

"ఏం బావా, ఈసారి ఏం ఊడింది?"

నిలబడే చెప్పాను, తల దించుకుని. వాడు అంతా విన్నాడు.

"గట్టిగా చెప్పు బావా. ఆ రోజు గట్టిగానే చెప్పావుగా. టీ కొట్టు దాకా వినపడాలి."

రోడ్డు వైపు తిరిగాను. నాకు అక్షరాలు రావన్న దగ్గర మొదలుపెట్టి, మొత్తం మళ్ళీ చెప్పాను.